పాటల కాలప్రమాణము: ఎట్టయపురమునుండి కంప్యూటరు వరకు

గత సంవత్సరము మన సంఘమువారు ఇండ్లలో మిగిలియున్న పాత పాటల క్యాసెట్లను సేకరింప నారంభించినప్పుడు ఒక చిక్కు వచ్చినది. కోవిల్పట్టిలోని ఒక యింటి అవ్వ 1986 లో పాడిన మంగళహారతియే, విరుదునగరములో మెట్టిన ఆమె చెల్లెలి గొంతుతోను దొరికినది. పాట యొకటే, వరుస యొకటే. అక్కచెల్లెండ్రు కలిసి పాడినట్లు రెండింటిని జతచేయవచ్చునని, కంప్యూటరులో సంగీతము కూర్చు ఒక యువకుడు చెప్పెను. కాని రెండు పాటల నడకలును వేరు. ఏది దేనికి లోబడవలెను? ఈ ప్రశ్న వెంట పోగా మాకు తెలిసిన సంగతులలో పెక్కు మన ప్రాంతమువే యగుటచే ఇచట వ్రాయుచున్నాము.

కోవిల్పట్టికి తూర్పున, బస్సులో అరగంట దూరమున ఎట్టయపురమున్నది. ముత్తుస్వామి దీక్షితులు 1835 లో అచటనే దేహము చాలించిరి. ఆ వంశమువారైన సుబ్బరామ దీక్షితులు (1839-1906) రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904 లో ఎట్టయపురమునందలి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చైనది. సుమారు 1700 పుటల గ్రంథము. తమిళదేశమున, తిరునల్వేలి సీమలో, అది తెలుగు లిపిలోనే వెలువడినది. నేడు మన యిండ్లలో తెలుగు మాటలాడు పిల్లలలో పలువురకు దానిని చదువ రాదు. మద్రాసు సంగీత అకాడమీవారు 1961 నుండి భాగములుగా ప్రకటించిన తమిళలిపి ప్రతియే వారికి ఆధారము. దీనికి సంతోషింపవలెనో సిగ్గుపడవలెనో పాఠకులే తేల్చుకొందురు గాక.

ఆ గ్రంథములోని స్వరలిపి మిక్కిలి నిశితమైనది. హ్రస్వమైన స్వరాక్షరమునకు ఒక అక్షరకాలము, దీర్ఘమునకు రెండు. ఒక గీత చేర్చిన అందు సగము. రెండు గీతలు చేర్చిన పాతిక. గమకములకు వేరు వేరు గుర్తులున్నవి. అయితే స్వరలిపి ఒక స్వరమునకు మరియొక స్వరముతో గల నిష్పత్తిని చెప్పును గాని, అక్షరకాలము సెకండులో ఎన్నవ వంతో చెప్పదు. అది గురుముఖమున విని తెలిసికొనవలసినది. ఐరోపాలో మాయెల్జెల్ అనునతడు 1815 లో మెట్రోనోమునకు పేటెంటు పొందెను. 1817 లో బీథోవెన్ తన రచనలకు నిమిషమునకిన్ని దెబ్బలని అంకెలు వేసి ప్రకటించెను. మనవారికి అట్టి అంకెతో పనిబడలేదు. రాజకంబళత్తు నాయకుల దేవరాట్టమును చూచినవారికి ఇది విశదమే. అందులో పాట లేదు; దేవదుందుభి మ్రోతయే ఆజ్ఞ. అది నడక మార్చినచో ఆటగాండ్ర వరుస యంతయు మారును. వారిలో నెవ్వరును దెబ్బలు లెక్కపెట్టరు.

అంకె మన సంగీతములోనికి గ్రామఫోనుతో వచ్చినదనవచ్చును. గైస్‌బర్గు దొర కలకత్తాలో 1902 లో తొలి రికార్డులు తీసెను. మొదటి రికార్డులు నిమిషమునకు 70 మొదలు 80 చుట్ల వరకు పలు వేగములలో తీయబడినవి. పిమ్మట 78 స్థిరపడినది. పది అంగుళముల పళ్లెమునకు ఒక ప్రక్క మూడు నిమిషముల పైచిలుకే పట్టును. కీర్తనను అందులో ఇమిడ్చుటకు సంగతులైన తగ్గింపవలెను, కాలమైన పెంపవలెను. మరియొక చిక్కు గలదు. పళ్లెము వేగము పెరిగినచో పాట నడకయే కాక శ్రుతియు పెరుగును. నూటికి ఆరు పాళ్లు వేగము హెచ్చినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకి పోవును. అనగా 78 చుట్ల రికార్డు 82.6 చుట్లు తిరిగినచో, నాలుగు శ్రుతిలో పాడినవారు నాలుగున్నరలో పాడినట్లు వినబడుదురు. నడక, శ్రుతి ఒకే త్రాటికి కట్టిన రెండెడ్లవలె నుండినవి.

సినిమాలో ఈ కాలప్రమాణమునకు కాపలా కాచినవి ఫిల్ము అంచునందలి రంధ్రములు. సెకండునకు 24 బొమ్మలు, బొమ్మకు నాలుగు రంధ్రముల చొప్పున 96 రంధ్రములు. బొమ్మయు శబ్దమును ఈ రంధ్రములను పట్టియే నడచును. దీని ఫలము మన కోవిల్పట్టివారు బాగుగ నెరిగినదే. ఇచట స్థిరపడిన నాగస్వర విద్వాంసులు కారుకురిచ్చి అరుణాచలముగారు (1921-1964) ‘కొంజుం సలంగై’ (1962) చిత్రమున ‘సింగారవేలనే దేవా’ అను ఆభేరి రాగపు పాటకు వాయించిరి. సంగీతము ఎస్. ఎం. సుబ్బయ్య నాయుడుగారిది. పాడినవారు గుంటూరు జిల్లాలో జన్మించిన ఎస్. జానకిగారు. తెరపై జెమినీ గణేశన్ నాగస్వరము పట్టగా సావిత్రి పాడును. నాగస్వరము వంటి హెచ్చు నాదమునకు ఒక స్త్రీ కంఠము శ్రుతిలోను కాలములోను వెంట్రుకవాసి తప్పక బదులు చెప్పుట నేటికిని ఆశ్చర్యకరమే. అరుణాచలముగారి విగ్రహము మన ఊరిలో నున్నది. దానిని దాటి పోవునపుడెల్ల మాకు ఆ బదులే చెవిలో మ్రోగును.

ఆ చిత్రమే అదే సంవత్సరము ‘మురిపించే మువ్వలు’ అను పేర తెలుగులోనికి వచ్చినది. మరల జానకిగారే పాడిరి. అయితే సావిత్రి పెదవులు ముందే కదలియున్నవి. తమిళమున దీర్ఘము పడిన అక్షరకాలమునందే తెలుగున దీర్ఘము పడవలెను. పెదవులు మూసికొను చోట పకారమో మకారమో దొరికిన మేలు. నడుచుచున్న పాటకు క్రొత్త మాటలను సరిపెట్టిన ఆ నేర్పు, మా దృష్టిలో, నేటి యంత్రముల నేర్పునకు తీసిపోదు.

శ్రుతిని నడకను వేరుచేయు ఉపాయము క్రమముగా వచ్చినది. ధ్వనిని మిక్కిలి చిన్న కణములుగా భావింపవచ్చునని 1946 లో డెనిస్ గాబర్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. 1966 లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున ఫ్లానగన్, గోల్డెన్ అనువారు గణితమార్గమున మరియొక పద్ధతి ప్రకటించిరి. 1998 లో యాసిడ్, 2001 లో ఏబుల్టన్ లైవ్ అను సాఫ్ట్‌వేరులు దీనిని ఇంటింటి కంప్యూటరునకు చేర్చినవి. స్థూలముగా చెప్పవలెనన్న, యంత్రము పాటను సెకండులో కొన్ని వందవ వంతుల తునకలుగ కోసి, తునకలను ఎడము చేసియో దగ్గర చేసియో మరల అతుకును. మృదంగపు దెబ్బ ఎక్కువగా సాగదీసిన మొద్దుబారును. జారు గమకము చెదరును.

ఇక మా హారతి విషయము. యువకుడు రెండు పాటలను నిమిషమునకు 84 దెబ్బల గీతలపై పరచి జతచేసెను. విరుదునగరము వెళ్లి చెల్లెలుగారికి వినిపించితిమి. ఆమెకు ఎనుబది దాటినవి. కన్నులు మూసికొని విని, “ఇది మా అక్క గొంతు కాదు నాయనా. అక్క ఇంత సన్నగా పాడేది కాదు, ఇంత తొందరా పడేది కాదు. హారతి పళ్లెం స్వామి ముందర నిలిపే చోట కొంచెం ఆగేది” అనినది.

ఈ మాటలలో రెండు తప్పులు బయటపడినవి. మొదటిది క్యాసెట్టుది. క్యాసెట్టు టేపు సెకండునకు 4.76 సెంటీమీటర్లు నడువవలెను. పాడిననాడు బ్యాటరీలు నీరసించియున్నచో టేపు మెల్లగ నడచును. తరువాత సరియైన వేగమున వినినపుడు గొంతు సన్నబడి పాట పరుగెత్తును. దీనిని ఎట్లు రుజువు చేయుట? పాట పొడవున హారతిగంట మ్రోగుచున్నది. ఆ కంచుగంట నేటికిని ఆ యింటి పూజగదిలోనే యున్నది. మోగించి చూడగా క్యాసెట్టులోని గంట ఇంచుమించు ఒక స్వరస్థానము హెచ్చుగ నున్నది. నూటికి ఆరు పాళ్లు! యువకుడు, ఈమారు తునకలు చేయక, శ్రుతియు నడకయు కలిపి తగ్గించెను. 3 నిమిషముల 30 సెకండ్ల పాట సుమారు 3 నిమిషముల 42 సెకండ్లైనది. ఈ దిద్దుబాటునకు మాకు అభ్యంతరము లేదు. అది అవ్వను దిద్దుట కాదు, బ్యాటరీని దిద్దుట.

రెండవ తప్పు 84 అను అంకెది. అవ్వ మెల్లగ మొదలిడి, చరణము చరణమునకు కొంచెము హెచ్చి, పళ్లెము నిలుపు చోట ఆగినది. గీతలకు తగిలించుటచే ఆ ఆగుట మాయమైనది. మేము ముప్పదియైదేండ్లు గుమాస్తాపని చేసినవారము. నకలును అసలుతో సరిచూచుటకు జీతము తీసికొంటిమి; అసలును దిద్ది నకలుతో సరిపెట్టియుండినచో పింఛను దక్కియుండదు. ఈ మాటయే చెప్పగా యువకుడు నవ్వి, గీతలనే పాట నడకను బట్టి జరుపు వీలు గూడ నేటి సాఫ్ట్‌వేరులలో గలదని చూపెను. అట్లు చేసి, ఆ యింటి మనుమరాలి వయొలినును అవ్వ పాటకు తోడుగ చేర్చిరి. అవ్వ ఆగిన చోట వయొలినును ఆగినది. చెల్లెలి పాటను మాత్రము జతచేయక, అక్క పాట వెనుక విడిగా నుంచితిమి. అది ఆమె కోరికయే.

సంఘమునకు ఇంకను క్యాసెట్లు రావలసియున్నవి. ఇచ్చువారు వానిపై పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి యీయవలెను. పాట నడుమ గంటయో, హార్మోనియమో, గోడగడియారమో వినబడుచుండి, ఆ వస్తువు ఇంటిలో నేటికిని ఉన్నయెడల, దానిని గూడ వెంట తెచ్చి చూపగోరెదము.