పావుకిలో కూర, ఐదుగురు పిల్లలు: మధ్యాహ్న భోజన రేటుపై మోండా మార్కెట్ నుంచి ఒక పరిశీలన

సారాంశం

విద్యకు నిధులెన్ని అన్న చర్చ మనదగ్గర సాధారణంగా బడ్జెట్ శాతాల దగ్గరే ఆగిపోతుంది. ఈ వ్యాసం అందులోని అతి చిన్న అంకెల్లో ఒకదాన్ని, బడిపిల్లల భోజనానికిచ్చే సరుకుల రేటును, సికింద్రాబాద్ మోండా మార్కెట్ కాటా మీద పెట్టి చూస్తుంది. రేటు తక్కువ కావడం ఒక లోపం. ధరలు పరుగెత్తుతున్నా అది నెలల తరబడి కదలకపోవడం అంతకన్నా పెద్ద లోపమని ఈ వ్యాసం వాదన.

1. ప్రవేశిక

కంటోన్మెంట్ కాలం నుంచి సికింద్రాబాద్‌కు కూరగాయలు పెడుతున్న మోండా మార్కెట్‌లో పావుకిలో అంటే చిన్న బేరం. ప్రభుత్వ లెక్కలో మాత్రం అది ఐదుగురు పిల్లల కూర. పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన పథకం) నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలి. ప్రాథమికోన్నత తరగతుల్లో ఇవి 150, 30, 75, 7.5 గ్రాములు. 50 గ్రాములంటే ఒక మోస్తరు టమాట కూడా పూర్తిగా రాదు.

తెలంగాణ 2025-26 బడ్జెట్‌లో మొత్తం రూ. 3,04,965 కోట్లకు గాను విద్యకు దక్కింది రూ. 23,108 కోట్లు, అంటే 7.58 శాతం. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలన్న కొఠారి కమిషన్ (1964-66) మాటను 2020 జాతీయ విద్యావిధానమూ తిరిగి చెప్పింది. ఈ శాతాల పోరు అవసరమే. అయితే కేటాయించిన రూపాయి వంటింటికి చేరేసరికి దానికి ఏమొస్తుందన్నది శాతాలు చెప్పవు.

2. హక్కుగా మారిన అన్నం

కేంద్రం 1995 ఆగస్టు 15న పథకాన్ని మొదలుపెట్టినా చాలా రాష్ట్రాల్లో పిల్లల చేతికి బియ్యమే వచ్చేది. వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి అది అమలైంది. ఇప్పుడు బియ్యం కేంద్రం ఉచితంగా ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూకారాలు, వంటచెరకు లేదా గ్యాస్ మాత్రం సరుకుల రేటులోంచే రావాలి. ఆ ఖర్చును తెలంగాణలో కేంద్రం, రాష్ట్రం 60:40 పాళ్లలో భరిస్తాయి.

3. ఎనిమిది రూపాయల మిగులు

2025 మే 1 నుంచి ప్రాథమిక స్థాయిలో ఒక్కో పూట రేటు రూ. 6.78, ప్రాథమికోన్నతంలో రూ. 10.17. వందమంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలను తీసుకుందాం. రోజుకు అందేది రూ. 678. కావలసినవి 5 కిలోల కూరగాయలు, 2 కిలోల పప్పు, అర కిలో నూనె. లెక్క కోసం కూరగాయలు కిలో రూ. 60, కందిపప్పు రూ. 150, నూనె రూ. 140 అనుకుంటే వరసగా 300, 300, 70 రూపాయలు. మొత్తం 670. మిగిలిన ఎనిమిది రూపాయల్లో చింతపండు, ఉప్పు, కారం, పసుపు, పోపు, గ్యాస్ అన్నీ రావాలి.

ఇక కూరగాయలు కిలోకు పది రూపాయలు పెరిగాయనుకోండి. మోండాలో ఒక వాన పడితే చాలు, అంత తేడా రావడానికి. రోజుకు 50 రూపాయలు అదనం. మిగులు పోను 42 రూపాయల లోటు. 220 పనిదినాలకు రూ. 9,240. ఒక వంటమనిషికి కేంద్ర నిబంధన ప్రకారం నెలకు వెయ్యి చొప్పున పది నెలలకు దక్కే గౌరవ వేతనం రూ. 10,000. రాష్ట్రం పైన ఎంతో కొంత కలిపినా, ఈ రెండు అంకెల దగ్గరితనం ఆలోచించదగ్గది.

4. రేటు ఎప్పుడు కదిలింది?

ప్రాథమిక రేటు 2020 ఏప్రిల్‌లో రూ. 4.97. 2022 అక్టోబర్‌లో రూ. 5.45. 2024 డిసెంబర్‌లో రూ. 6.19. తర్వాత ఐదు నెలలకే 6.78. అంటే ఒకసారి 30 నెలలు, ఇంకోసారి 26 నెలలు రేటు ఉన్నచోటే ఉంది. 2023 జులైలో టమాట కిలో వంద దాటింది ఆ రెండో విరామంలోనే. వందమంది బడికి అప్పుడు రోజుకొచ్చేది 545 రూపాయలు. రెండు కిలోల టమాటకే 200 పైన పోయేవి.

సవరణకు వాడే సూచీ కూడా గమనించదగ్గది. 2025 సవరణకు ఆధారం లేబర్ బ్యూరో వారి గ్రామీణ కార్మికుల ధరల సూచీ. అప్పటికి 20 రాష్ట్రాల్లోని 600 గ్రామాల ధరలు అందులో ఉండేవి. మోండా ధర అందులోకి రాదు. అదే బ్యూరో పారిశ్రామిక కార్మికుల సూచీ కోసం హైదరాబాద్ ధరలను సేకరిస్తుంది. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం ఆ సూచీ ఆధారంగానే ఏటా జనవరి, జులై నెలల నుంచి లెక్కకొస్తుంది. ఉద్యోగి జీతానికి ఏడాదికి రెండుసార్లు గుర్తొచ్చే కరువు, పిల్లల కంచానికి ఒక్కోసారి రెండేళ్లు దాటినా గుర్తురావడం లేదు.

5. లోటు ఎవరి ఖాతాలో?

నగరంలో చాలా బడులకు స్వచ్ఛంద సంస్థల కేంద్రీకృత వంటశాలల నుంచి భోజనం వస్తుంది. టోకు కొనుగోళ్లు, విరాళాలు అక్కడ లోటును కప్పేస్తాయి. ఊళ్లలో వండేది మహిళా సంఘాల ఏజెన్సీలు. బిల్లు వచ్చేదాకా కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టేది వాళ్లే. బిల్లులు నెలల తరబడి ఆగితే, నికరాదాయం లేని ఆడవాళ్లు ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. అప్పు పుట్టని రోజున పప్పులో నీళ్లు ఎక్కువవుతాయి. లోటు చివరకు పిల్లల కంచంలో తేలుతుంది.

6. ముగింపు

కేంద్రం ప్రకటించేది కనీస రేటు. అంతకు మించి ఇచ్చే స్వేచ్ఛ రాష్ట్రాలకుంది. కాబట్టి మూడు మార్పులకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. రేటును కరువు భత్యంలా ఆరు నెలలకోసారి సవరించడం, పట్టణ బడులకు పట్టణ సూచీ వాడటం, నెల సరుకుల సొమ్ములో కొంత ముందే ఏజెన్సీ ఖాతాలో వేయడం. వీటికయ్యే ఖర్చును బడ్జెట్‌లో విడిగా చూపాలి. ఇప్పుడూ ఆ ఖర్చు జరుగుతూనే ఉంది. కాకపోతే అది కిరాణా కొట్టు ఉద్దెర పుస్తకంలో రాసి ఉంటోంది.