బొట్టు కనబడే ముంగురులు

తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళ తలకు కత్తెరో మంగలికత్తో తగిలే సందర్భాలు ఒకప్పుడు మూడే. పసితనంలో పుట్టువెంట్రుకలు తీయించడం, ఆ తర్వాత దేవుడి మొక్కు, కొన్ని కులాల్లో భర్త పోయాక శిరోముండనం. మొదటిది వేడుక, రెండోది భక్తి, మూడోది శిక్ష. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించే నాటికి ఆ శిక్ష బ్రాహ్మణ ఇళ్ళలో ఎవరూ ప్రశ్నించని మామూలు సంగతి. తిరుమలలో గుండు చేయించుకోని ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇచ్చి రావడం ఇప్పటికీ ఉంది. అందం కోసం జుట్టు కత్తిరించుకోవడం మాత్రం ఈ లెక్కలో ఎక్కడా లేదు. జుట్టు పెరగాలి, నూనె తాగాలి, జడలో ఒదగాలి.

అలాంటి ఇళ్ళ మనవరాళ్ళు ఇవాళ సూరత్‌లోని లింబాయత్ పార్లర్లలో కూర్చుని, నుదుటి మీద పలచగా పడే కొరియన్ బ్యాంగ్స్ వేయించుకుంటున్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాల మూడో తరం వీళ్ళు. ఈ కత్తిరింపు తెలుగు ఇళ్ళలోకి ఇంత తేలిగ్గా రావడానికి అందం ఒక్కటే కారణమని నేననుకోను. ఇది జడ జోలికి పోదు, బొట్టును కప్పదు. అంతకుముందు వచ్చిన ముంగురుల మోజుల్లో చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒక దాని దగ్గర చిక్కుకున్నాయి.

నిజానికి నుదుటి మీద కురులు మనకు కొత్త కావు. అజంతా గోడల మీది స్త్రీల నుదుళ్ళ మీద చిన్న చిన్న ఉంగరాలుగా తిరిగిన జుట్టు కనిపిస్తుంది. మన ప్రబంధ కవులకు నుదురు అష్టమి నాటి చంద్రుడు, దాని మీద వాలిన ముంగురులు తుమ్మెదల బారు. నాయికను వర్ణిస్తూ ఆ తుమ్మెదలను మరిచిపోయిన కవి అరుదు. అయితే ఆ ముంగురులు ఎవరూ కత్తిరించినవి కావు. జుట్టు మొదట్లో జడకందనంత పొట్టిగా మొలిచే వెంట్రుకలు అవి. గాలికో చెమటకో వాటంతటవే చెదరాలి. కావ్యంలో అలా చెదరడం శృంగారం. ఇంట్లో అదే చెదిరితే అమ్మ అరచేతికి ఇంత కొబ్బరినూనె రాసుకుని నుదుటి నుంచి వెనక్కి అదిమేది. కవిత్వం చదివి తలూపిన మామగారే, కోడలి జుట్టు రేగి ఉంటే మొహం చిట్లించుకునేవారు.

సూరత్ వైపు కథ వేరే దారిలో నడిచింది. మొగలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడెక్కే రేవది. పర్షియా, అరబ్బు, ఆర్మీనియా, ఐరోపా వర్తకులందరూ తాపీ ఒడ్డున దిగినవాళ్ళే. పారసీక కవిత్వం నుంచి ఉర్దూలోకి వచ్చిన 'జుల్ఫ్', అంటే చెంప మీదికి జారే కురుల పాయ, ఈ గాలిలోనే పెరిగింది. ఔరంగాబాదులో పుట్టి అహ్మదాబాదులో కన్నుమూసిన దక్కనీ కవి వలీ సూరత్ మీద ఒక మస్నవీయే రాశాడు. ఆ సంప్రదాయంలో ప్రేయసి కురులు ఉచ్చులు, సంకెళ్ళు, చీకటి రాత్రులు. మన తుమ్మెదలకూ వాళ్ళ ఉచ్చులకూ మధ్య ఎంచుకోమంటే నాకు తుమ్మెదలే నయమనిపిస్తాయి. అవి కనీసం ఎగిరిపోతాయి.

కత్తిరించి, వేడి చేసి, పని గట్టుకుని తయారు చేసిన ముంగురులు ఈ దేశంలో కంటబడింది పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో. ఆ రోజుల్లో ఇంగ్లండులో యువరాజు భార్య అలెగ్జాండ్రా నుదుటి మీద బిగువైన ఉంగరాల జుట్టు పెట్టుకునేది, చూసినవాళ్ళంతా అదే పెట్టుకున్నారు. 1870లలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో వేడి పటకారుతో జుట్టుకు అలలు తేవడం కనిపెట్టాక ఆ పని సులువైంది. ఇంగ్లీషు వాళ్ళ వేషభాషలను మన దేశంలో అందరికంటే ముందు అందుకున్నవాళ్ళు పార్సీలు. వాళ్ళకు సూరత్ పాత పుట్టిల్లు. పార్సీ స్త్రీలు అంతకుముందు తల వెంట్రుక కనబడకుండా 'మాథాబానా' అనే తెల్లగుడ్డ కట్టుకునేవారు. అది క్రమంగా వెనక్కి జరిగి, చీర కొంగు కింది నుంచి వంకులు తిరిగిన జుట్టు నుదుటి మీదికి రావడం ఆనాటి ఫొటోల్లో చూడవచ్చు. తల కప్పే గుడ్డ పోలేదు, కొంగుగా మిగిలింది. దాని అంచున ముంగురులు చోటు సంపాదించుకున్నాయి. తర్వాతి కాలంలో తెలుగు ఇళ్ళలో జరిగింది కూడా దాదాపు ఇదే.

తెలుగువాళ్ళకు మాత్రం ఆ ఫొటోలు అందలేదు. అందింది రవివర్మ బొమ్మ. బరోడా గైక్వాడ్ కోసం చిత్రాలు వేసిన రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించాక, విరబోసిన జుట్టుతో లక్ష్మీ సరస్వతులు మన పూజగదుల గోడలెక్కారు. జుట్టు విరబోసుకున్న లక్ష్మికి దండం పెట్టి, కూతురి జుట్టు బిగించి జడ వేసే తల్లిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ తర్వాత వడ్డాది పాపయ్య పత్రికల అట్టల మీద, బాపు కథల పక్కన, చెంపల మీదికి జారిన ముంగురుల అమ్మాయిలను తెలుగు కళ్ళకు అలవాటు చేశారు. బొమ్మల్లో అలవాటు కావడం వేరు, ఇంట్లో ఒప్పుకోవడం వేరు.

సూరత్‌కు వచ్చిన సాలె కుటుంబాలకు జుట్టు బిగించడానికి ఇంకో గట్టి కారణం ఉండేది. మరమగ్గం పక్కన, దారం చుట్టే యంత్రం పక్కన వదులు జుట్టు ప్రమాదం. తిరిగే కడ్డీకి ఒక పాయ చిక్కితే తలనే లాక్కుపోతుంది. చీరలకు లేసు కుట్టడం, రాళ్ళు అంటించడం, వేలాడే దారాలు కత్తిరించడం లాంటి ఇంటి పనుల్లోనూ తల రోజంతా వంచే ఉండాలి. కళ్ళలో వెంట్రుక పడితే కుట్టు తప్పుతుంది. అందుకే నూనె రాసి, గట్టిగా దువ్వి, జడ వేసి, దాన్నీ మడిచి కట్టేవాళ్ళు. దాని వెనుక ఆచారం ఎంతుందో పని అంతే ఉంది.

ఆ బిగువును మొదట కదిలించింది ఒక హిందీ సినిమా. 1960లో వచ్చిన 'లవ్ ఇన్ సిమ్లా'లో కొత్త నటి సాధన నుదుటి మీద కత్తిరించిన జుట్టుతో తెర మీదికి వచ్చింది. ఆమె నుదురు వెడల్పు. దాన్ని కప్పడానికి దర్శకుడు ఆర్.కె. నయ్యర్ హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ ముంగురులను ఆదర్శంగా తీసుకున్నాడు. హెప్‌బర్న్ 1953 నాటి 'రోమన్ హాలిడే'లో మంగలి దుకాణానికి వెళ్ళి పొడుగు జుట్టు కత్తిరించుకునే యువరాణి. సాధన జుట్టు మొత్తం కత్తిరించుకోలేదు, ముందు భాగమే ఆ వేషం కట్టింది. లోపం కప్పడానికి వేసిన ఎత్తు దేశమంతటా 'సాధన కట్' అయి కూర్చుంది. ముఖానికి నప్పే ముంగురుల గురించి మన దేశంలో అందరికీ తెలిసిన తొలి పాఠం అదే: వెడల్పు నుదురు ఉన్న చోట నాలుగు వెంట్రుకలు పడితే చూపు కళ్ళ మీదికి దిగుతుంది.

అదే సాధన 1965లో 'వక్త్' సినిమాలో బిగుతు చూడీదార్ వేసి ఇంకో గాలి లేపింది. చూడీదారూ సాధన కట్టూ ఒకదానికొకటి జత. పొడుగు జడ కాలేజీ అమ్మాయి వీపు మీద అలాగే ఉంది, నుదురు మాత్రం బొంబాయి పోయింది. జడను ముట్టుకోకుండా కత్తెర వేసుకునే దారి దొరకడమంటే ఇదే. అయినా తెలుగు ఇళ్ళలో అది ఎక్కువ రోజులు నిలవలేదు. కనుబొమల దాకా వచ్చే ఆ ముంగురుల కింద బొట్టు సగం దాక్కునేది. "ఎంటికలు మొఖం మీద ఏందే, బొట్టు కానొస్తలేదు, ఎనకకు దువ్వుకో" అనే అవ్వ ప్రతి ఇంట్లో ఉండేది. బొట్టు లేని నుదురుకు మన దగ్గర ఏ అర్థముందో ఆ అవ్వకు తెలుసు. ఆమె తరం కళ్ళారా చూసింది.

డెబ్బైల్లో వాణిశ్రీ తరహా కొప్పులు, ఆ పైన పఫ్‌లు, ఎనభైల్లో డయానా పేరు మీద పొట్టి క్రాపులు, తొంభైల్లో పక్కకు జారే ఫ్లిక్స్ వచ్చిపోయాయి. వీటిలో ఫ్లిక్స్ ఒక్కటే కాస్త నిలిచింది. పక్కకు జారుతుంది కాబట్టి బొట్టుకు అడ్డం రాదు.

ఈ మార్పులను ఊళ్ళకు మోసినవి సినిమాలు మాత్రమే అనుకుంటే సూరత్‌కు అన్యాయం చేసినట్టే. ఇక్కడి రింగ్ రోడ్ బట్టల మార్కెట్ల నుంచి చీరలు, డ్రెస్ మెటీరియళ్ళు క్యాటలాగులుగా దేశమంతా వెళతాయి. ఒక్కో డిజైనుకు ఒక్కో మోడల్ ఫొటో. మన ఊళ్ళ బట్టల షాపుల్లో చీర మడత పైన ఆ ఫొటో కార్డు ఉంటుంది. కొనేది చీరే అయినా కొన్న ఆమె కూతురు చూసేది మోడల్ జుట్టును కూడా. ఆ జుట్టు కొన్నేళ్ళు చదునుగా వెనక్కి, తర్వాత వదులు వంకులుగా, ఈమధ్య నుదుటి మీద రెండు పాయలుగా విడిపోయింది. సూరత్ చీరకు తలకట్టు కొసరు.

2014, 2015 ప్రాంతాల్లో దక్షిణ కొరియాలో 'సీ-త్రూ బ్యాంగ్స్' ఊపందుకున్నాయి. అంతకుముందు అక్కడి మోజు కనుబొమలను పూర్తిగా మూసే మందపాటి కత్తిరింపు. కొత్తది దానికి ఎదురు: వెంట్రుకల మధ్య నుంచి నుదురు కనబడాలి. అవే మన పార్లర్లలో ఎయిర్ బ్యాంగ్స్, విస్పీ బ్యాంగ్స్, కొరియన్ బ్యాంగ్స్. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై పార్లర్లు మూతపడ్డాక కొరియా సీరియళ్ళూ ఫోన్ వీడియోలూ చూసి, బాత్‌రూమ్ అద్దం ముందు తామే కత్తిరించుకున్నవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. సూరత్ బస్తీల్లో కత్తెర ఎలాగూ చేతికందే దూరంలోనే ఉంటుంది. కానీ దారాలు తెంపి మొండిబారిన కత్తెర జుట్టును కోయదు, మడిచి నలుపుతుంది; చివర్లు చీలతాయి. జుట్టుకు పదునైన వేరే కత్తెర కావాలి.

పలచన అనేది కత్తిరించే పద్ధతిలో కన్నా తీసుకునే పాయలో ఉంటుంది. నడినెత్తి వంపు తిరిగే చోటు నుంచి నుదుటి దాకా ఒక త్రికోణం గీసి, అందులోని జుట్టును ముందుకు దువ్వుతారు. త్రికోణం ఎంత వెనక్కి పోతే ముంగురులు అంత మందం. పలచగా కావాలంటే దాన్ని చిన్నగా గీయాలి, వెడల్పు రెండు కనుబొమల వంపులు దాటకూడదు. తడి జుట్టు సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. వంకీల జుట్టయితే ఇంకా పైకి పోతుంది. అందుకే ఆరిన జుట్టు మీద, ముక్కు మొదలు దాకా పొడుగు వదిలి మొదలెట్టి, కత్తెరను నిలువుగా పట్టి చివర్లను కొద్దికొద్దిగా తుంచాలి. అడ్డంగా ఒక్క వేటు వేస్తే గుర్రపు జూలు తయారవుతుంది. నుదుటి మొదట్లో సుడి ఉంటే మరీ జాగ్రత్త. సుడి ఎటు తోస్తే జుట్టు అటే పోతుంది. దానితో పోట్లాడేకన్నా పక్కకు జారే పాయగా వదిలేయడం మేలు.

ముఖాన్ని బట్టి మార్పులు కూడా ఇక్కడే. గుండ్రటి ముఖానికి మధ్యలో విడిపోయి చెంప ఎముకల దాకా దిగే కర్టెన్ బ్యాంగ్స్ నప్పుతాయి, ఆ నిలువు గీతలు ముఖాన్ని సాగదీస్తాయి. కోల ముఖానికి కనుబొమలను అందుకునే అడ్డపు ముంగురులు బాగుంటాయి. దవడ పలకగా ఉన్నవాళ్ళకు కణతల దగ్గర మెత్తగా దిగే పాయలు కావాలి. నుదురు చిన్నదైతే చాలామంది భయపడి మానేస్తారు కానీ అయిదారు పోగులంత పలచగా వేస్తే అదీ బాగానే ఉంటుంది. ఈ పట్టికలను నేను పూర్తిగా నమ్మను. నుదుట బొట్టు పెట్టి అద్దంలో చూసుకుంటే, ఏ పోగు ఎక్కువైందో వెంటనే తెలుస్తుంది. ఆ పరీక్ష సియోల్‌లో ఎవరికీ అవసరం లేదు, మనకే ఉంది.

నూనెతో పేచీ ఇంకా తీరలేదు. పలచటి ముంగురులకు కొబ్బరినూనె తగిలితే పోగులన్నీ మూడు నాలుగు తాళ్ళుగా అతుక్కుంటాయి. నుదుటి జిడ్డు కూడా అదే పని చేస్తుంది. తలంతా నూనె పెట్టి ముందు పాయను మాత్రం విడిచిపెట్టడం, పొద్దున్నే ఆ పాయ ఒక్కదాన్నే కడిగి ఆరబెట్టుకోవడం ఇప్పటి అమ్మాయిలు కనిపెట్టిన రాజీ. అవ్వ నూనె దక్కింది, మనవరాలి నుదురూ దక్కింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సూరత్ గాలిలో తేమ ఆరబెట్టిన జుట్టునైనా గంటలో వంకర తిప్పుతుంది. ఆ నాలుగు నెలలు కర్టెన్ పొడుగు వదిలి, చెవి వెనక్కి దోపుకునేలా ఉంచుకోవడం తెలివైన పని. మగ్గం పక్కకు వెళ్ళేవాళ్ళయితే ఏ కాలంలోనైనా పిన్ను పెట్టాల్సిందే.

పెళ్ళి దగ్గర ఇంకా లెక్క కుదరలేదు. పాపిటబిళ్ళ కొక్కెం జుట్టు మొదట్లో నిలవాలంటే ముందు పాయ వెనక్కి పోవాలి. బాసికం కట్టేటప్పుడు దారం కింద ముంగురులు నలిగి, విప్పేదాకా వంగిన గీతగా ఉంటాయి. జీలకర్ర బెల్లం నడినెత్తిన పెట్టేసరికి, సరిగ్గా ఆ త్రికోణం మొదలయ్యే చోటే, పాకం వేళ్ళ మీదుగా ముందుకు దిగుతుంది. జుట్టు నెలకు సెంటీమీటరు, మహా అయితే ఇంకొంచెం పెరుగుతుంది. కనుబొమల దగ్గరి పోగు చెవి వెనక నిలవాలంటే ఆరేడు నెలలైనా పడుతుంది. అందుకని అనుభవమున్న బ్యూటీషియన్ పెళ్ళికూతురి మెహందీ డిజైను కంటే ముందు ముహూర్తం తేదీ అడుగుతుంది. దగ్గరలో ఉంటే కత్తెర పక్కన పెట్టి పిన్నులు తీస్తుంది.