పట్వారీ

నిజాం రాజ్యంలో గ్రామ భూమి లెక్కలు నిర్వహించిన వంశపారంపర్య ఉద్యోగి. కోస్తా జిల్లాల్లోని కరణానికి సాటి.

నేపథ్యం: 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్, శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని క్రమంగా తొలగించి, 1865లో జిలాబందీ (జిల్లాల వారీ పాలన) అమలుచేశారు. దాంతో వసూలు అధికారం పోయిన వంశపారంపర్య అధికారులు దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు రుసుములు దక్కాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరాల్లో సర్కారుకూ రైతుకూ మధ్య పట్వారీ కలం కీలకమైంది.

రోజువారీ పని: పైరు కాలంలో పొలాలు తిరిగి ఎవరు ఏ పంట వేశారో పహాణీలో రాసేవాడు. ఖుష్కీ (మెట్ట), తరీ (మాగాణి) భూములను వేరుగా లెక్కించేవాడు. చెరువు కింద సాగులో ఆబీ వానాకాలపు పంట, తాబీ వేసవి పంట. మాలీ పటేల్ శిస్తు వసూలు చేస్తే, పట్వారీ జమ రాసేవాడు. ఏటా జమాబందీకి (శిస్తు లెక్కల తనిఖీకి) ఫసలీ (రెవెన్యూ) సంవత్సరం లెక్కలు సిద్ధం చేసేవాడు.

ప్రభావం: చదువు కొద్దిమందికే అందిన కాలంలో దస్తరం (భూమి లెక్కల కాగితాల కట్ట) పట్వారీ ఇంట్లోనే ఉండేది. తన భూమి ఎవరి పేర రాశారో రైతు చదవలేకపోవడం ఘోర అన్యాయాలకు దారితీసింది. ఇలాంటి భూ ఆక్రమణలు, వెట్టిచాకిరీ 1946–51 తెలంగాణ సాయుధ పోరాటానికి ముఖ్య కారణాలు. పటేల్, పట్వారీ వ్యవస్థను ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది.