గవర్నర్ల రాజభవనం (శాంటా ఫే)

గవర్నర్ల రాజభవనం అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్ర రాజధాని శాంటా ఫే నగరంలోని చారిత్రక కట్టడం. స్పానిష్ పాలకులు దీనిని 1610 ప్రాంతంలో పచ్చి ఇటుకలతో పరిపాలనా కేంద్రంగా నిర్మింపజేశారు.

చరిత్ర

1680లో ప్యూబ్లో ఆదివాసులు స్పానిష్ పాలనపై తిరుగుబాటు చేసి, భవనాన్ని ముట్టడించి, నీటి సరఫరాను నిలిపివేశారు. గవర్నరు తన ప్రజలతో దక్షిణానికి తరలిపోగా, వారు ఇందులోనే నివాసమేర్పరచుకున్నారు. 1693లో డియేగో డి వర్గాస్ పోరాడి దీనిని తిరిగి స్వాధీనం చేసుకున్నాడు. 1821లో మెక్సికోకు, 1846లో అమెరికాకు ఇది వశమైంది. గవర్నరుగా ఉన్న కాలంలో ల్యూ వాలెస్ బెన్-హర్ నవలలో కొంత భాగాన్ని ఇక్కడే రచించాడు.

సందర్శన విశేషాలు

1909లో ఈ భవనం మ్యూజియంగా మార్చబడింది. దీని వెనుక 2009లో న్యూ మెక్సికో చరిత్ర మ్యూజియం ప్రారంభమైంది. ముందున్న పొడవైన వసారాలో ప్యూబ్లో తదితర ఆదివాసీ కళాకారులు తాము తయారుచేసిన నగలను, మట్టిపాత్రలను నేలపై పరచి విక్రయిస్తారు.