నాపరాయి మీద ముసలి కొండ

1848. స్విట్జర్లాండ్, గ్లారుస్ కొండలు. భూవిజ్ఞాని ఆర్నాల్డ్ ఎషర్ దారి చూపుతున్నాడు, బ్రిటన్ నుంచి వచ్చిన సాటి భూవిజ్ఞాని రోడెరిక్ మర్చిసన్ చూస్తున్నాడు. కొండ ముఖాన అడ్డంగా సన్నటి గీత. గీతకు కింద లేత రాయి, పైన ముదురు రాయి. ఇప్పటి లెక్కన రెంటికీ తేడా ఇరవై కోట్ల ఏళ్ల పైమాటే. అడుగున ఉండాల్సిన రాయి నెత్తినెక్కింది!

మైళ్లకొద్దీ రాతి పలక జరిగొచ్చి పైన పడిందని మర్చిసన్ నమ్మాడు. ఎషర్‌కూ అలాగే తోచింది. కానీ అచ్చు వేయించడానికి జంకాడు. వేయిస్తే తనను పిచ్చాసుపత్రిలో పెడతారన్నాడని చెబుతారు. బదులుగా, ఉత్తరం నుంచొకటి, దక్షిణం నుంచొకటి రెండు పెద్ద మడతలు ఎదురెదురుగా వాలాయన్నాడు. నన్నడిగితే ఇదే ఎక్కువ నమ్మశక్యం కాని మాట.

శిష్యుడు ఆల్బర్ట్ హైమ్ ఆ మడతలనే పట్టుకు కూర్చున్నాడు. 1884లో ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ బెర్‌ట్రాన్, గ్లారుస్‌లో అడుగైనా పెట్టకుండా, హైమ్ వర్ణనలే చదివి తేల్చేశాడు: మడతలు రెండు లేవు, ఉన్నది ఒకటే పలక. హైమ్ దిగిరావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. 1902లో మోరిస్ లూజాన్ వ్యాసంతో పాటు అచ్చయిన లేఖలో ఓటమి ఒప్పుకున్నాడు.

ఎషర్ 1872లో పోయాడు. సరిగ్గా ఆ ఏడే కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ గ్రంథాన్ని మన జియలాజికల్ సర్వే అచ్చువేసింది. ఒకటే పలకన్న బెర్‌ట్రాన్ మాటకు పన్నెండేళ్లు ముందు!

ఆ కర్నూలు శిలలు మన ఇళ్లలోనే ఉన్నాయి. ఆంధ్రలో హనుమాన్ జంక్షన్ దాటి కృష్ణా డెల్టా నల్లరేగడిలోకి దిగితే రాయే దొరకదు. ఇంటి నేలకు నాపరాయి, గోడకు సున్నం కావాలంటే పల్నాడు వైపు చూడాల్సిందే. పిడుగురాళ్ల బట్టీల్లో కాలే ఆ సున్నపురాయి కర్నూలు శిలా సమూహానిది. పల్నాడు తూర్పు అంచున దాని మీద కూర్చున్నవి అంతకంటే ముసలివైన నల్లమల రాళ్లు. గ్లారుస్ చిక్కే ఇక్కడా. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన దిలీప్ సాహా, సహ పరిశోధకుడితో కలిసి 2003లో ఇక్కడి మడతల తీరు వివరించారు. నల్లమల రాళ్లు తూర్పు నుంచి తోసుకొచ్చి పైకెక్కాయన్నది ఆ వాదన.

సరే, వచ్చాయి. ఎంత దూరం నుంచి? అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. కింగ్ నాటి నుంచీ పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అంటూ పొరలను వరసగా పేర్చి మందం లెక్కగట్టారు. నల్లమల పొరలు అక్కడే పేరుకున్నవి కాక ఎక్కడినుంచో జరిగొచ్చినవైతే ఆ కూడిక చెల్లదు. పొరల పట్టిక మళ్లీ రాయాలి.