అద్దానికి వీపు తిప్పిన క్లాసు

1969లో అమెరికాలో, షికాగో పక్కనే ఉన్న ఇవాన్‌స్టన్‌లో, జూడీ షెపర్డ్ మిసెట్ జాజ్ డాన్స్ నేర్పుతుండేవారు. స్టూడియో పేరున్నదే. దాన్ని నడిపే గస్ జోర్డానో జాజ్ నృత్యంలో పెద్ద గురువు. అయినా చేరిన ఆడవాళ్ళు కొన్నాళ్ళు వచ్చి మానేసేవారు. మరొకరైతే వాళ్ళకు శ్రద్ధ లేదని సరిపెట్టుకునేవారే. మిసెట్ మాత్రం మానేసినవాళ్ళనే కారణం అడిగారు. తాము స్టేజీ ఎక్కడానికి రాలేదని, డాన్సర్లలా చక్కగా కనబడితే చాలని వాళ్ళు చెప్పారు.

ఆ జవాబుతో క్లాసు తీరే మారిపోయింది. అడుగులు సులువు చేశారు. సాంకేతికమైన దిద్దుబాట్లు తగ్గించి, సరదా పెంచారు. అందరినీ అద్దం వైపు నుంచి తిప్పి తనవైపు నిలబెట్టుకున్నారు. స్టూడియోలో గోడంత అద్దం పెట్టేది ఎవరి తప్పు వాళ్ళకు కనబడాలనే. డాన్సును వృత్తిగా ఎంచుకున్నవాళ్ళకు అది కావలసిందే. ఒళ్ళు తగ్గాలని వచ్చిన ఇల్లాలికి మాత్రం అద్దంలో ముందు కనబడేది తనకు నచ్చని తన ఒళ్ళే. అందుకే అద్దం ఉండాల్సిన చోట టీచరు నిలబడ్డారు. మొదటి క్లాసుకు వచ్చిన 15 మంది మళ్ళీ వచ్చారు, తోడుగా స్నేహితురాళ్ళనూ తెచ్చారు. 1970లలో జాజర్‌సైజ్ పేరు పెట్టుకున్నది ఈ క్లాసే.

టీచరు ఎదురుగా నిలబడడంతో ఒక చిక్కు వచ్చింది. ఆమె తన కుడిచెయ్యి ఎత్తితే చూసేవాళ్ళకు అది ఎడమవైపు. యాభై మందిని తిరగేసి ఆలోచించమనడం కుదరదు కాబట్టి ఆ కష్టం టీచరే తలకెత్తుకోవాలి. నోటితో ‘కుడి’ అంటూ తన ఎడమకాలు వేయాలి. ఇన్‌స్ట్రక్టర్ శిక్షణలో ఈ సాధన ఇప్పటికీ తప్పదు. అడుగు మరీ మెలికలు తిరిగితే కాసేపు వెనక్కి తిరిగి చూపించి, మళ్ళీ ఎదురు తిరగాలి.

అదే కాలంలో ఇంకోచోట మరో దారి తెరుచుకుంది. అమెరికా వైమానికదళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో ‘ఏరోబిక్స్’ పుస్తకం రాశారు. గుండెకూ ఊపిరితిత్తులకూ మేలు చేసే వ్యాయామాన్ని కొలిచే పద్ధతి అందులో ఉంది. ఆ మరుసటేడు ప్యూర్టోరికోలోని వైమానిక స్థావరంలో, సైనికుల భార్యల కోసం టీవీలో వ్యాయామ కార్యక్రమం చేసే పని జాకీ సోరెన్‌సెన్‌కు వచ్చింది. కూపర్ పెట్టిన 12 నిమిషాల పరీక్షలో ఆమె బాగా నెగ్గారు. అప్పటిదాకా తాను చేసింది డాన్సే. అలా డాన్సునే గుండెకు వ్యాయామంగా మలచి ‘ఏరోబిక్ డాన్సింగ్’ మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి అడుగు అందంగా పడిందా అన్నదానికంటే, గుండె తగినంత వేగంగా కొట్టుకుంటోందా అన్నదే పెద్ద ప్రశ్న అయింది.

మిసెట్ 1972లో కాలిఫోర్నియాకు మారారు. క్లాసులు పెరిగాయి, పాటను మించి అరిచి అరిచి గొంతు దెబ్బతింది. 1977లో ఐదుగురికి శిక్షణ ఇచ్చి టీచర్లుగా తయారుచేశారు. ఆమె క్లాసులు నడిపిన శాండియాగో సైనిక స్థావరాలున్న ఊరు. సైనికుల భార్యలు బదిలీల మీద వెళ్తూ ఈ క్లాసును తమతో తీసుకుపోయారు. దూరాన ఉన్నవాళ్ళకు కొత్త అడుగులు నేర్పడానికి వీడియో టేపులు సాయపడ్డాయి. అలా ఒక మనిషి ఒంట్లో ఉన్న విద్య ఇంకొకరికి అప్పగించగల పద్ధతిగా మారింది.

ఆ పద్ధతికి వెన్నెముక లెక్క. డాన్స్ పాటల్లో ఎక్కువ భాగం ఎనిమిది బీట్లకు ఒక వరస, నాలుగు వరసలకు ఒక చుట్టు, మొత్తం 32 బీట్లుగా నడుస్తాయి. ఆదితాళం వేసేవాళ్ళకు ఎనిమిది లెక్క కొత్త కాదు. కుడితో 32 చేస్తే ఎడమతో మరో 32. చుట్టు పూర్తయ్యేలోపు, ఆఖరి వరసలోనే ‘నాలుగు, మూడు, రెండు’ అని వెనక్కి లెక్కపెట్టి తర్వాతి అడుగు పేరు చెప్పేయాలి. మాట చెవిన పడి, మెదడుకెక్కి, కాలికి చేరడానికి కాస్త వ్యవధి కావాలి కదా. అడుగు మారాక చెబితే సగం క్లాసు తడబడుతుంది. కొత్త అడుగులన్నీ ఒకేసారి కుమ్మరించరు. ఒకటి చూపి, అది కుదిరాక రెండోది చేర్చి, మళ్ళీ మొదటినుంచి చేయిస్తారు.

1980లలో ఏరోబిక్స్‌కు పిచ్చిగా ఆదరణ వచ్చింది. 1982లో వచ్చిన జేన్ ఫోండా వీడియో దాన్ని ఇళ్ళలోకి తెచ్చింది. ఎగురుళ్ళు ఎక్కువై ముంగాళ్ళు, మోకాళ్ళు నొప్పులెత్తాయి. ఒక కాలు ఎప్పుడూ నేలమీదే ఉండే ‘లో ఇంపాక్ట్’ పద్ధతి అలా పుట్టింది. ఒకే అడుగును మోకాలి నొప్పివాళ్ళకు ఒకలా, గట్టివాళ్ళకు ఒకలా చూపించడం టీచరు బాధ్యతల్లో చేరింది. తన మోకాలు దెబ్బతిన్న జిన్ మిల్లర్ కోలుకోవడానికి మెట్టు ఎక్కి దిగుతూ స్టెప్ ఏరోబిక్స్ తయారుచేశారు. దాన్ని రీబాక్ కంపెనీ ఆ దశాబ్దం చివర్లో ప్రచారంలోకి తెచ్చింది. ఇందులో మెట్టుగా వాడే పీట మీద తప్పడుగు వేస్తే పడిపోతారు. కాబట్టి పాట వేగం నిమిషానికి 118 నుంచి 128 బీట్ల మధ్య ఉంచాలన్న నియమం స్థిరపడింది.

1990లలో రెండు దారులు విడిపోయాయి. న్యూజీలాండ్‌లో ఫిలిప్ మిల్స్ బరువులతో చేసే ‘బాడీపంప్’ తయారుచేశారు. పాట, కదలిక, వరస అన్నీ ముందే నిర్ణయించి మూడు నెలలకోసారి కొత్తవి పంపుతారు. ఇన్‌స్ట్రక్టర్‌కు కదలికలు అల్లే పని ఉండదు, కాబట్టి మనుషులను చూసే తీరిక దొరుకుతుంది. కొలంబియాలోని కాలి నగరంలో బేటో పేరెస్ ఒకరోజు ఏరోబిక్స్ టేపులు మరచిపోయి, దగ్గరున్న సల్సా, మెరెంగే పాటలతోనే క్లాసు నడిపారు. ఆ క్లాసే తర్వాత జుంబా అయింది. ఇందులో టీచరు మాట్లాడేది తక్కువ. అడుగు మారేముందు వేలితో దిక్కు, చేతితో సైగ చూపిస్తారు. భాష తెలియనివాళ్ళు కూడా కలిసిపోగలగడానికి ఇదొక కారణం.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో, విజయవాడ జిమ్ముల్లో నడిచే క్లాసులకు పునాది ఇదంతా. మీరు చేరబోయే క్లాసులో ట్రైనర్ ఎంత బాగా ఆడుతున్నారో చూసి మురిసిపోకండి. ఒక పూట వెనక వరసలో నిలబడి గమనించండి. అడుగు మారేముందే చెబుతున్నారా? మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకు వేరే అడుగు చూపిస్తున్నారా? వెనక వరసదాకా చూపు వస్తోందా? ఈ మూడూ లేకపోతే పాటలు ఎంత హుషారుగా ఉన్నా ఆ క్లాసుకు డబ్బు కట్టకండి.