ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాలా? ఉచితంగా ఉన్నది చాలదా?

జైపూర్ (మంచిర్యాల జిల్లా): జైపూర్, ఇందారం, పెగడపల్లి వైపు వాళ్లు కొత్త ల్యాప్‌టాప్ కావాలంటే మంచిర్యాలకో గోదావరిఖనికో పోయి తెచ్చుకుంటారు. బిల్లు రాసేటప్పుడు దుకాణంలో ఒక మాట తప్పకుండా వస్తుంది: "యాంటీవైరస్ వేసిద్దామా? ఏడాదిదా, మూడేళ్లదా?" కాదంటే ఏమవుతుందోనని భయం. సరే అంటే కొన్ని వందల నుంచి రెండు వేల దాకా అదనపు ఖర్చు. అది కూడా ఒక్కసారితో అయిపోయేది కాదు, ఏడాది తిరగ్గానే మళ్లీ కట్టాలి.

సింగరేణి ప్రాంతంలో ఒక ఇంటి కంప్యూటర్‌లో ఏముంటుందో చూస్తే ఈ ప్రశ్న చిన్నది కాదని తెలుస్తుంది. డిగ్రీ చదివే పిల్లల ఈపాస్ స్కాలర్‌షిప్ కాగితాలు, రిటైరైన తండ్రి సీఎంపీఎఫ్ పెన్షన్ పత్రాలు, కారుణ్య నియామకం కోసం తిరుగుతున్న కుటుంబమైతే ఆ ఫైలు స్కాన్‌లు, ఆధార్, పాస్‌పోర్టు కాపీలు, నిఖానామా, పెళ్లి వీడియోలు. ఇవన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. చాలా ఇళ్లలో రెండో కాపీ ఉండదు.

సూటిగా చెప్పాలంటే, అసలైన విండోస్ 10 లేదా 11 ఉండి, అప్‌డేట్లు ఆపకుండా వాడుకునే ఇంటికి విడిగా యాంటీవైరస్ కొనాల్సిన పని చాలావరకు లేదు. అయితే కొన్ని ఇళ్లకు కొనడమే మంచిది. ఎవరికి అక్కర్లేదు, ఎవరికి అవసరం అనేది కింద చూడొచ్చు.

విండోస్‌తో వచ్చేది తక్కువదేం కాదు

మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ పేరుతో ఉచిత యాంటీవైరస్ ఇచ్చింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి పూర్తి స్థాయి యాంటీవైరస్‌ను డిఫెండర్ పేరుతో విండోస్‌లోనే కలిపేసింది. మొదట్లో దీన్ని ఎవరూ లెక్క చేయలేదు. పరీక్షల్లో మార్కులు కూడా అంతంత మాత్రమే. ఆ పాత పేరే ఇప్పటికీ దుకాణాల్లో చెలామణి అవుతోంది.

పరిస్థితి మారి చాలా ఏళ్లయింది. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్ అనే సంస్థ ఉంది. రక్షణ, వేగం, వాడకంలో సౌలభ్యం అనే మూడు అంశాలకు ఆరేసి మార్కుల చొప్పున మొత్తం 18 మార్కులకు యాంటీవైరస్‌లను పరీక్షిస్తుంది. డిఫెండర్ కొన్నేళ్లుగా అక్కడ డబ్బు పెట్టి కొనే వాటి పక్కనే, 18కి 18 లేదా దానికి దగ్గరగా తెచ్చుకుంటోంది.

ఒక్క లోటు మాత్రం చెప్పుకోవాలి. డిఫెండర్ బలం చాలావరకు ఇంటర్‌నెట్ మీద ఆధారపడింది. అనుమానం వచ్చిన ఫైలును మైక్రోసాఫ్ట్ సర్వర్లతో పోల్చి చూసుకుంటుంది. నెట్ లేనప్పుడు పట్టుకునే శక్తి తగ్గుతుందని ఆస్ట్రియాకు చెందిన ఏవీ-కంపారిటివ్స్ పరీక్షల్లో పలుసార్లు తేలింది. ఇంట్లో వైఫై లేకుండా, ఫోన్ హాట్‌స్పాట్ అప్పుడప్పుడు ఆన్ చేసి, మిగతా సమయమంతా పెన్‌డ్రైవ్‌లతో పని నడిపించే ఇళ్లు ఈ విషయం గుర్తు పెట్టుకోవాలి. అలాంటి చోట నెట్ లేకపోయినా గట్టిగా పట్టుకునే యాంటీవైరస్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు.

"ఉచితం" ఎవరి ఖర్చుతో?

డిఫెండర్ కాకుండా విడిగా దించుకునే ఉచిత యాంటీవైరస్‌లు చాలానే ఉన్నాయి. అవాస్ట్, ఏవీజీ, అవిరా మన దగ్గర ఎక్కువగా వినిపించే పేర్లు. ఇవి మూడూ వేర్వేరు అనుకుంటారు గానీ ఇప్పుడు అన్నిటి యజమాని ఒక్కడే. ఏవీజీని 2016లో అవాస్ట్ కొన్నది. అవిరాను నార్టన్ కంపెనీ తీసుకుంది. 2022లో నార్టన్, అవాస్ట్ కలిసిపోయి జెన్ డిజిటల్ అనే కంపెనీ అయ్యాయి. అంటే ఉచితంగా ఇచ్చే అవాస్ట్, డబ్బు తీసుకునే నార్టన్ ఒకే ఇంటివి.

వ్యాపారం చేసేవాడు ఊరికే ఇస్తున్నాడంటే రాబడి ఇంకెక్కడో ఉండాలి. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా, యాంటీవైరస్ వాడేవాళ్లు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారన్న సమాచారాన్ని అమ్ముతోందని 2020 జనవరిలో బయటపడింది. గొడవ కావడంతో అదే నెలలో జంప్‌షాట్‌ను మూసేశారు. ఈ వ్యవహారంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో అవాస్ట్‌పై 1.65 కోట్ల డాలర్ల చెల్లింపు విధించింది. కాపలా పెట్టుకున్నవాడే ఇంట్లో సంగతులు బజార్లో అమ్మినట్టయింది.

ఉచిత యాంటీవైరస్‌లన్నీ ఇలాంటివే అనడం న్యాయం కాదు. బిట్‌డిఫెండర్, కాస్పర్‌స్కీ వంటివి ఉచిత రకంలో కూడా తమ అసలు ఇంజిన్‌నే ఇస్తాయి. వైరస్‌ను పట్టుకునే పనిలో ఉచితానికీ, డబ్బు పెట్టిన దానికీ పెద్ద తేడా ఉండదు. కాస్పర్‌స్కీ రష్యా కంపెనీ కావడంతో అమెరికా 2024లో తమ దేశంలో దాని అమ్మకాలను నిషేధించింది. మన దేశంలో అలాంటి నిషేధం లేదు.

ఇంకో సంగతి. ఉచిత యాంటీవైరస్‌లలో చాలావాటి లైసెన్సు ఇంటి వాడకానికే. జిరాక్స్ సెంటర్‌లో, నెట్ సెంటర్‌లో అవే వేసుకుంటే షరతులు ఉల్లంఘించినట్టే.

డబ్బు పెడితే అదనంగా వచ్చేది ఏమిటి?

కొనే యాంటీవైరస్‌లో వైరస్ స్కానింగ్ ఒక్కటే ఉండదు. పిల్లలు ఏం చూస్తున్నారో కట్టడి చేసే సౌకర్యం, బ్యాంకు లావాదేవీలకు వేరే సురక్షిత బ్రౌజర్, పాస్‌వర్డులు దాచే సాధనం, వీపీఎన్ కలిపి ఇస్తారు. వీటిలో ఎన్ని వాడతామన్నది ఎవరికి వాళ్లే వేసుకోవాల్సిన లెక్క. వీపీఎన్ కోసం డబ్బు కట్టి ఒక్కసారి కూడా ఆన్ చేయనివాళ్లే ఎక్కువ.

నిజంగా ఉపయోగపడేది ఒకటుంది: సమస్య వస్తే ఫోన్ ఎత్తే మనిషి. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలు చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లిపోతే, మిగిలిన పెద్దవాళ్లకు స్క్రీన్ మీద ఎర్ర గుర్తు కనబడితే అడగడానికి ఎవరూ ఉండరు. అలాంటి ఇంటికి మన దేశపు కంపెనీల యాంటీవైరస్ కొనుక్కోవడంలో తప్పు లేదు. పుణేలో పుట్టిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7, ముంబైకి చెందిన ఈస్కాన్ దుకాణాల్లో దొరుకుతాయి.

కొనేముందు లెక్క చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో మొదటి ఏడాది ధర బాగా తగ్గించి చూపిస్తారు. రెండో ఏడాది పూర్తి ధర పడుతుంది, అందులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కార్డు ఇచ్చి కొంటే ఆటో రెన్యువల్ దానంతట అదే ఆన్ అయి ఉండొచ్చు. రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబర్ 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం ఇలాంటి చెల్లింపు జరిగే 24 గంటల ముందు బ్యాంకు నుంచి సమాచారం రావాలి, వద్దనుకుంటే ఆపుకోవచ్చు. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని చదవకుండా వదిలేయొద్దు.

కొత్త ల్యాప్‌టాప్‌లతో నెల రోజులకో మూడు నెలలకో ట్రయల్ యాంటీవైరస్ వస్తుంది. అది ఉన్నంతకాలం డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. గడువు అయిపోయాక ఆ ట్రయల్ రక్షణ ఇవ్వదు, కట్టమని సతాయించడం మాత్రం ఆపదు. కొనే ఉద్దేశం లేకపోతే తీసేసి, విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ ఆన్ అయిందో లేదో చూసుకోవాలి. రెండు మూడు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే రక్షణ పెరగదు. ఒకదానికొకటి అడ్డుపడి, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ అయితే అసలు కదలదు.

క్రాక్ వేసుకుని యాంటీవైరస్ కొంటే?

ఈ ప్రాంతంలో అసలు గండి ఇక్కడుంది. చాలా కంప్యూటర్లలో ఉన్నది దొంగ విండోస్. దాన్ని నడిపించే యాక్టివేటర్ పనిచేయాలంటే ముందు డిఫెండర్‌ను ఆపాలి. మెకానిక్ దాన్ని ఆపేసి, యాక్టివేటర్ వేసి, ఆ తర్వాత పైన డబ్బు తీసుకుని యాంటీవైరస్ వేస్తాడు. దొడ్డి తలుపు తీసిపెట్టి ముందు తలుపుకు కొత్త తాళం కొన్నట్టు.

ఉర్దూ టైపింగ్‌కు వాడే ఇన్‌పేజ్, తెలుగు డీటీపీకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ విషయంలోనూ ఇదే తంతు. పెళ్లి కార్డులు, పోస్టర్లు కొట్టేవాళ్ల దగ్గర వీటి క్రాక్ కాపీలు పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారుతుంటాయి. ఆ క్రాక్ ఫైలులో నిజంగా వైరస్ ఉందో, ఊరికే యాంటీవైరస్ అరుస్తోందో వాడేవాడికి తెలిసే దారి లేదు. అసలైన ఇన్‌పేజ్ ఉన్నా అప్‌డేట్ చేసుకోవాల్సిందే. అందులోని ఒక లోపాన్ని వాడుకుని, మామూలు ఇన్‌పేజ్ ఫైలు రూపంలో దాడులు జరుగుతున్నాయని కాస్పర్‌స్కీ 2016 నవంబర్‌లో బయటపెట్టింది.

ఫైళ్లన్నిటినీ తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్‌లలో స్టాప్ లేదా డీజేవీయూ అనే రకం ఇళ్ల మీదే ఎక్కువగా పడింది. అది ప్రధానంగా వ్యాపించింది క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారానే. "యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి" అన్న సూచన కనబడిందంటే ఆ ఫైలును అక్కడే వదిలేయాలి.

పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్ వైరస్

స్కాలర్‌షిప్ దరఖాస్తు ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్‌ను జిరాక్స్ సెంటర్‌లో పెడతారు. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి. కంగారుపడి ఫార్మాట్ కొట్టొద్దు. ఫైళ్లు పోవు, వైరస్ వాటిని దాచిపెట్టి వాటి స్థానంలో తన షార్ట్‌కట్‌లను ఉంచుతుంది. వాటిని నొక్కితేనే ఇంటి కంప్యూటర్‌కూ అంటుకుంటుంది. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ముందు స్కాన్ చేయాలి. ఈ పనికి డిఫెండర్ చాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో వైరస్ తొలగించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అన్నిటికన్నా సులువైన దారి, ప్రింట్ కావాల్సిన పీడీఎఫ్‌ను మెయిల్ చేసి, పెన్‌డ్రైవ్ ఇంట్లోనే ఉంచుకోవడం.

పాత విండోస్ ఉంటే

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. దాని మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా కింద ఉన్న రంధ్రాలు పూడవు. విండోస్ 10 మామూలు గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్‌ను బ్యాకప్ చేసుకునేవాళ్లకు దీనికి డబ్బు కట్టకుండా నమోదయ్యే దారి ఉంది. విండోస్ 10లో డిఫెండర్‌కు వైరస్ సమాచారం 2028 అక్టోబర్ దాకా వస్తూ ఉంటుంది, అయితే అది విండోస్ అప్‌డేట్‌కు బదులు కాదు.

అప్‌డేట్ విలువ ఏమిటో 2017 మే నెలలో వాన్నాక్రై చూపించింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతటా పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. రెండేళ్ల తర్వాత, 2019లో, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ దాడితో ఆగిపోయాయి. పెద్ద సంస్థలకే తప్పనప్పుడు, క్వార్టర్‌లోని కంప్యూటర్‌కు పూర్తి హామీ ఇవ్వగల యాంటీవైరస్ ఉంటుందనుకోవడం అత్యాశ.

అందుకే చేతిలో ఒక్క ఖర్చుకే డబ్బు ఉన్నప్పుడు యాంటీవైరస్ కన్నా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ముందు కొనాలి. రెండు మూడేళ్ల రెన్యువల్ డబ్బు దగ్గరదగ్గరగా దానికి సరిపోతుంది. నెలకోసారి ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. డిఫెండర్‌లో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అనే సౌకర్యం కూడా ఉంది. ఎంచుకున్న ఫోల్డర్లను తెలియని ప్రోగ్రామ్‌లు మార్చకుండా ఆపుతుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, విండోస్ సెక్యూరిటీలో ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఇప్పటికే ఫైళ్లు లాక్ అయిపోయినవాళ్లు డబ్బు కట్టే ముందు నో మోర్ ర్యాన్సమ్ వెబ్‌సైట్ చూడాలి. యూరోపోల్, డచ్ పోలీసులు, కొన్ని సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో పెట్టారు. కొన్ని రకాల తాళాలకు అక్కడ ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి.

ఏ యాంటీవైరస్ ఆపలేనిది కూడా ఒకటుంది. బ్రౌజర్‌లో పెద్ద శబ్దంతో "మీ కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని వస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ అలా నంబర్ ఇచ్చి ఫోన్ చేయమనదు. ఫోన్ చేస్తే రిమోట్ యాప్ వేయించి, మన చేతులతోనే బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. బ్రౌజర్ మూసేస్తే సరిపోతుంది, మూతపడకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యం అయ్యేకొద్దీ ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి మారిపోతుంది. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. లావాదేవీ నంబర్, బ్యాంకు మెసేజ్ డిలీట్ కాకుండా ఉంచుకోవాలి.